మూడు పేర్ల ఏటి మీద లస్కరు పని

ఎవరైనా మిమ్మల్ని ఏటి పేరు అడిగితే, జవాబు చెప్పేముందు వాళ్ళ చెప్పులు చూడండి. బురద ఉంటే రైతు. పేరు తెలిసే అడుగుతున్నాడు, మీరేం చెబుతారో విందామని. ఎర్ర కంకర దుమ్ము ఉంటే లేఔటు మనిషి, లేకపోతే క్వారీ మనిషి. ఏమీ అంటకుండా శుభ్రంగా ఉంటే ఆఫీసు జీపులోంచి దిగినవాడు. ఊరికే తెలుసుకుందామని ఏటి పేరు అడిగినవాణ్ణి నా ఉద్యోగంలో నేను చూడలేదు.

నేను చోడవరం దగ్గర ఇరిగేషన్‌లో లస్కరుగా పనిచేసి రిటైరయ్యాను. షట్టర్లు ఎత్తడం, దించడం, గట్టు మీద నడవడం, గండి పడబోతుంటే ముందే పసిగట్టడం, ఎవరి వంతు నీరు వాళ్ళకి అందేలా చూడటం లస్కరు పని. మా ఆయన ఈ పనిలోనే ఉండగా పోయాడు. ఆయన ఉద్యోగం నాకిచ్చారు. ఇప్పుడు నాలాగే వచ్చిన ఆడవాళ్ళు ఈ పనిలో కొందరున్నారు. ఆదివారం చర్చి బయట ఇద్దరు నన్ను పట్టుకుని, "పనెలాగుంటాది పిన్నీ, బయమేస్తంది" అన్నారు. నోటితో చెప్పిన మాట ఊరు దాటేసరికి మారిపోతుంది కనక రాస్తున్నాను. ఏ సంవత్సరం చేరాను, జీతం ఎంత పెరిగింది, ఇవేమీ రాయను. అవి అందరికీ ఒకలాగే ఉంటాయి.

ఊళ్ళ పేర్లు కూడా రాయను. పైఊరు, నడిమిఊరు, తోకఊరు అంటాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఏరు ఎలా ఉంటుందంటే

రావికమతం వైపు కొండల్లో పుడుతుంది. జీడితోటల మధ్య నుంచి దిగి, బుచ్చయ్యపేట వైపు చెరకు చేల పక్కనుంచి వచ్చి, చోడవరం దిగువన పెద్ద ఏటిలో కలిసిపోతుంది. అక్కణ్ణించి సముద్రం ఎంతో దూరం లేదు. పొట్టి ఏరు. ఇలాంటి ఏర్లకి ఓపిక ఉండదు. పొద్దున్న కొండ మీద వాన పడితే సాయంత్రానికి వంతెన కింద ఎర్ర నీళ్ళు సుళ్ళు తిరుగుతాయి. రెండు వారాలు ఎండ కాస్తే అదే చోట పిల్లలు క్రికెట్టు ఆడతారు.

పైఊరివాళ్ళు దాన్ని జీడిగెడ్డ అంటారు. మా వైపు చిన్న ఏటిని గెడ్డ అనడం అలవాటు. నడిమిఊరివాళ్ళు పెదరేవు అంటారు. తోకఊరివాళ్ళు ఎండేరు అంటారు. వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మిగిలేది ఇసకే కాబట్టి ఆ పేరు న్యాయంగానే ఉంది. ఆఫీసులో మాత్రం దానికి పేరు లేదు, ముక్కకో నంబరు ఉండేది.

నేను పనిలో చేరినప్పుడు ఇవి మూడు వేరే ఏర్లనుకున్నాను. నాకు పని నేర్పింది సన్యాసి మావ. నాకంటే ముందునుంచీ అక్కడ లస్కరు. సన్నటి మనిషి, ఎవరినీ నమ్మడు, భార్య పెట్టిన క్యారేజీ కూడా వాసన చూసి తినేవాడు. మూడు ఏర్లకి ముగ్గురు లస్కర్లు ఎందుకు లేరని నేను అడిగితే పగలబడి నవ్వాడు.

"ఒలే అమ్మీ, ఏరొక్కటే. ఊల్లు మూడు. ఆల్ల బయాలు మూడు."

"పేరు మారితే బయమేటి మావా?"

"ఏ నీటిని ఏ ఊరి పేరుతో పిలుస్తారో, ఆ నీటి మీద తొలి వంతు ఆ ఊరిది. ఇది మా తాతల నాటి వాడుక. జీడిగెడ్డ అన్నంతమేరా పైఊరు ముందు తడుపుకుంటాది. పెదరేవు అన్నంతమేరా నడిమిఊరు. అందుకే ఎవుడూ పక్కూరి పేరు నోట్లోంచి రానీడు."

ఇది ఏ కాగితంలోనూ లేదు, కానీ మనుషులు దీన్ని ఎంత గట్టిగా పట్టుకున్నారో నేను కళ్ళారా చూశాను. నా చెల్లెల్ని పైఊరిలోనే ఇచ్చాం. వాళ్ళ పక్కింటికి నడిమిఊరి పిల్ల కోడలుగా వచ్చింది. ఒకరోజు బట్టలు మూటకట్టుకుని, "పెదరేవుకి ఎల్లొత్తానత్తా" అంది, పుట్టింటి అలవాటున. ముసలావిడ చేతిలో చేట కిందపడేసింది.

"ఒలే, నోర్ముయ్! గోడవతల ఎవులున్నారో ఏటో! జీడిగెడ్డ అను. మల్లీ అను."

ఆ పిల్ల మూడుసార్లు అని గాని గుమ్మం దాటలేదు.

ఆనపబుర్ర

అప్పట్లో పైఊరిదీ నడిమిఊరిదీ ఇసక కట్టలు. ఊడుపుల ముందు ఏటికి అడ్డంగా ఇసక పోసి, కొమ్మలు పరిచి నీరు నిలుపుకునేవారు. తమ వంతు అయ్యాక కట్ట తెంచాలి. తెంచామని కింది ఊరికి తెలియాలి కదా. దానికి ఎండిన ఆనపకాయ బుర్ర ఒకటి నీటిలో వదిలేవారు. పైఊరి బుర్రకి ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఉండేది, నడిమిఊరి బుర్రకి పసుపు పీలిక. బుర్ర తేలుతూ తోకఊరు చేరితే నీరు వదిలినట్టు లెక్క. తోకఊరివాళ్ళు ఆ బుర్రని తాంబూలంతో తిరిగి తెచ్చి ఇవ్వాలి. అందుకు అప్పట్లో నడిచి వచ్చేవారు, తరవాత షేరు ఆటోల్లో వచ్చేవారు.

చూడటానికి ఎంతో పద్ధతిగా ఉంది కదా. నేనూ అలాగే అనుకున్నాను. ఒక ఏడు పసుపు పీలిక బుర్ర తోకఊరు చేరింది. వెనక నీరు మాత్రం చారెడు కూడా రాలేదు. దారిలో ఇసక తాగేసిందన్నారు నడిమిఊరివాళ్ళు. తోకఊరివాళ్ళు నుదురు కొట్టుకుని ఊరుకోబోయారు. సన్యాసి మావ ఆ బుర్రని తెమ్మని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తరవాత నా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏటి వాసన?"

"బెల్లం వాసన మావా."

"ఏట్లో బెల్లం ఎవుడు వండేడే?"

ఆ బుర్ర ఏటిలో రాలేదు. అనకాపల్లి మార్కెట్టుకి పోయే బెల్లం బండిలో దిమ్మల మధ్య కూర్చుని రోడ్డు మీదుగా వచ్చింది. తోకఊరి ఎగువన ఎవరో దాన్ని మెల్లిగా నీటిగుంటలో వదిలారు. ఏటిలో వచ్చిన బుర్రకి పాచి, బురద, కుళ్ళిన జీడాకు వాసన ఉంటుంది. దీనికి చీమలు పట్టి ఉన్నాయి.

ఆ రోజు నేర్చుకున్నది ఉద్యోగమంతా పనికొచ్చింది. గుర్తు వచ్చిందని సరుకు వచ్చిందనుకోకండి. "నీరు వదిలాం" అని ఫోను వస్తే సంతోషం. గట్టు దిగి చెయ్యి తడిస్తే అప్పుడు నమ్మండి.

నేను అక్షరాలు ఎందుకు నేర్చుకున్నానంటే

అందరూ దేవుని వాక్యం చదువుకోవడానికి అనుకుంటారు. నేను కాదనలేదు. మా పాస్టరమ్మ గారు పలక మీద దిద్దించిన మాటా నిజమే. నలభై దాటాక పలక పట్టుకుంటే నా వేళ్ళు షట్టరు తిప్పినంత బలంగా బలపాన్ని నొక్కేవి, రోజూ ఒకటి విరిగేది. అయినా అసలు కారణం వేరే.

మా వర్క్ ఇన్‌స్పెక్టరు ఒకాయన ఉండేవాడు. మంచి మాటకారి. కాగితాలు తెచ్చి వేలిముద్ర వెయ్యమనేవాడు. "ఏటుందండీ ఇందులో" అంటే, "నీరొదిలేమని ఉందమ్మా" అనేవాడు. కాగితం పైనుంచి కిందదాకా రాత ఉండేది. ఆయన చదివేది రెండు మాటలు. అంత సిరా రెండు మాటలకి ఎందుకవుతుందని నాకు అనుమానం వచ్చింది. ఆ అనుమానమే నన్ను పాస్టరమ్మ గారి వరండాకి తోలింది.

నేను సంతకం చేసిన మొదటి రోజు ఆయన పెన్ను వైపు చూశాడు, నా వైపు చూశాడు, కాగితం వెనక్కి తీసుకుని, "రేపు తెస్తానులే, ఇందులో చిన్న మార్పుంది" అన్నాడు. మర్నాడు తెచ్చిన కాగితం చాలా పొట్టిగా ఉంది. అంతకుముందు వాటిలో ఏముండేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన్ని నేను దొంగ అనను. పై అధికారుల్లో నిజంగా దొంగలు తక్కువ. తొందరగా ఇంటికి పోవాలనుకునేవాళ్ళే ఎక్కువ. తోకఊరికి నీరు అందకపోవడానికి దొంగ కంటే ఆ తొందర పెద్ద కారణం.

పేర్ల సంగతి కూడా నాకు ఊరికే తెలియలేదు. నాకే మూడు పేర్లు. సర్వీసు రికార్డులో నూకాలమ్మని. చర్చిలో సలోమిని. పుట్టింట్లో పెద్దగుంటని, అంటే పెద్దపిల్లని. ఏ పేరుతో పిలిచారన్నదాన్ని బట్టి నాతో ఏం పనో తెలిసిపోతుంది. మా జిల్లాకే పేరు మారింది. చోడవరం నిన్నటిదాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. పేరు మారినప్పుడల్లా ఎవరో ఒకరు ఆఫీసుల చుట్టూ తిరగాలి, ఎవరో ఒకరి భూమి ధర పెరగాలి. ఏ పేరూ తనంతట తాను మారదు.

కంకర దుమ్ము

తరవాత బోర్లు వచ్చాయి. పైఊరిలో, నడిమిఊరిలో బాగా పడ్డాయి. కుర్రవాళ్ళు ఏటి సంగతి, వంతుల సంగతి మరిచిపోయారు. బుర్రలు అటకెక్కాయి. పేర్లు మాత్రం నిలిచాయి, ఎందుకు నిలిచాయో అడిగేవాళ్ళు లేకుండా. తోకఊరిలో ఎక్కడ దింపినా రాయి తగిలింది. వాళ్ళకి ఏరు తప్ప దిక్కు లేదు.

నా ఉద్యోగం ఆఖరి ఏడులో, నడిమిఊరికీ తోకఊరికీ మధ్య ఒక లేఔటు లేచింది. వాళ్ళు ఏటిలో సిమెంటు గొట్టాలు వేసి, పైన కంకర పోసి, దారి చేసుకున్నారు. అడిగితే, "పెదరేవు ఇక్కడితో అయిపోయింది, ఎండేరు అవతల మొదలవుతుంది, మధ్యలో ఉన్నది ఖాళీ స్థలం" అన్నారు. పేర్లు రెండు కాబట్టి ఏర్లూ రెండే అట. గొట్టాల్లో చెత్త అడ్డుపడి నీరు సగానికి సగం పడిపోయింది. అటు తరవాత మొత్తం కప్పేసి ప్లాట్లు వేస్తారని అందరికీ తెలుసు. అదే జరిగితే తోకఊరి మడులు ఇంకెప్పుడూ తడవవు.

ఆ రోజుల్లో మా ఆఫీసుకి కొత్త ఇంజినీరు, ఏఈ మేడమ్ వచ్చింది. చిన్న పిల్ల. వంతెన దగ్గర స్కూటీ ఆపి, నన్ను పలకరించి, అడిగిన మొదటి మాట:

"అమ్మా, ఈ ఏరు పేరేంటి?"

నేను కిందకి చూశాను. కాన్వాసు బూట్లు. నిండా ఎర్ర కంకర దుమ్ము.

"ఏరేనండి" అన్నాను.

"అదే, పేరు?"

"ఏరు అనే పిలుస్తామండి."

"ఎంతకాలంగా చేస్తున్నారు ఇక్కడ?"

"చాలాకాలమేనండి."

"ఇంతకాలంలో పేరే వినలేదా?"

"నాకు చెవుడండి కొంచెం" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నవ్వేవాళ్ళని నేను ఇంకొంచెం ఎక్కువ అనుమానిస్తాను.

ఆ దుమ్ము గురించి చెప్పాలి. లేఔటు గొట్టాలు కొలవడానికి వెళ్ళినా అదే దుమ్ము అంటుతుంది, లేఔటు ఆఫీసులో కూల్‌డ్రింకు తాగడానికి వెళ్ళినా అదే దుమ్ము అంటుతుంది. నా చెప్పుల శాస్త్రంలో ఉన్న లోపం అది. మరో రెండుసార్లు వచ్చాక, ఆమె గొట్టంలోకి వంగి టార్చి వేసి చూడటం నా కళ్ళతో చూశాక, చెవుడు కొంచెం తగ్గించుకున్నాను.

ఆమె ఫోనులో ఆకాశంనుంచి తీసిన ఫోటో చూపించింది. కొండ దగ్గర్నుంచి పెద్ద ఏటిదాకా ఒకటే పచ్చటి గీత.

"ఏరు ఒకటేనని నాకు తెలుసమ్మా. నాకు తెలిస్తే చాలదు. మూడు పేర్లతో ఉన్నంతకాలం లేఔటు వాళ్ళు మూడు ముక్కలంటారు. మూడు ఊళ్ళవాళ్ళూ అధికారుల ముందు నిలబడి, ఇది ఒకే ఏరు, దీని పేరు ఫలానా అని ఒక్క మాట చెబితే, పైనుంచి కిందదాకా హద్దు రాళ్ళు పాతించవచ్చు, ఆ గొట్టాలు తీయించవచ్చు. పైఊరికి ఇసక కట్ట బదులు సిమెంటు కట్ట కూడా అడగవచ్చు. ముక్కగా ఉంటే ఎవరూ సాంక్షన్ చెయ్యరు."

"మూడు ఊళ్ళూ ఒక్క మాటంటారాండీ?"

"ఎందుకనరు? అందరికీ లాభమే కదా."

ఆ పిల్లకి ఏటి సంగతి తెలుసు. మనుషుల సంగతి ఇంకా తెలియలేదు. లాభం అందరికీ అంటే, పక్కవాడికి ఎక్కువ ఉందేమోనని అందరూ వెతుకుతారు.

వంతెన మీద మాట

ఒక మధ్యాహ్నం మూడు ఊళ్ళవాళ్ళూ వంతెన దగ్గర కలిశారు. టెంటు వేశారు, కుర్చీలు వేశారు. పైఊరి తరఫున అప్పలనాయుడు గారు, పెద్ద రైతు, గొంతు మైకు అక్కర్లేనిది. నడిమిఊరి తరఫున సత్తిబాబు, నీటి సంఘం మనిషి. తోకఊరి తరఫున చిలకమ్మ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మ. అందుకని పెదవులు ఎక్కువ కదపకుండా మాట్లాడుతుంది, ఎప్పుడు ఏమందో పక్కవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడగాలి. కాళ్ళకి చెప్పులు లేవు. నేను చూశాను.

ఒకే ఏరని ఒప్పుకోవడానికే గంట పట్టింది. సత్తిబాబు, "మా పెదరేవు మా ఊల్లో ఊటేనండి, పైనుంచొచ్చింది కాదు" అన్నాడు. చిలకమ్మ సంచిలోంచి ఎర్ర పీలిక కట్టిన పాత బుర్ర తీసి బల్ల మీద పెట్టింది.

"పైఊరి బుర్ర. నా పెల్లైన కొత్తలో మా రేవులో దొరికింది. మీ ఊరి మీదుగా రాకపోతే ఎగిరొచ్చిందేట్రా సత్తిబాబూ?"

అందరూ నవ్వారు. అప్పలనాయుడు గారు మాత్రం నవ్వలేదు. "మా బుర్ర అన్నేళ్ళు ఆపుకున్నావా? తాంబూలమేదీ?" అన్నారు. దానికి ఇంకా నవ్వారు. అలా ఏరొకటే అన్నది తేలింది.

పేరు దగ్గర అసలు గొడవ మొదలైంది.

"కొండలో పుట్టింది మా దగ్గిర. జీడిగెడ్డనే రాయండి" అన్నారు అప్పలనాయుడు గారు.

"అదెలాగండీ! గెడ్డంటే ఎవుడు లెక్కసేస్తాడు? పెదరేవు అనండి, గంబీరంగుంటాది" అన్నాడు సత్తిబాబు.

"నీ గంబీరం నాకు తెల్సు. మా పొలాల్లో మీ పేరేటి?"

"మా పొలాల్లో మాత్రం మీ పేరేటండీ?"

ఎందుకు వద్దో ఇద్దరికీ తెలియదు. తాతలు వద్దన్నారు కాబట్టి వద్దు. ఆ భయం మిగిలింది, భయానికి కారణం పోయింది. నేను గట్టు మీద నిలబడి ఇది గమనించాను. ఏఈ మేడమ్ నీళ్ళ సీసా మూత తిప్పుతూ, తీస్తూ కూర్చుంది.

చిలకమ్మ మధ్యలో అంది: "నాయుడుబాబూ, మీదే ఎట్టీండి. మాకేటి." వెంటనే సత్తిబాబు లేచాడు: "చూశారా! ఈల్లిద్దరూ ముందే అనుకునొచ్చేరు!" ఆవిడ అతని వైపు తిరిగి, "పోనీ మీదే ఎట్టీరా బాబూ" అంది. ఇప్పుడు అప్పలనాయుడు గారికి అనుమానం వచ్చింది. ఆ తరవాత ఇద్దరిలో ఎవరి పేరూ పెట్టే అవకాశం లేకుండా పోయింది. ఆవిడ చుట్ట సర్దుకుని కూర్చుంది.

పొద్దు వాలుతుండగా అప్పలనాయుడు గారే తేల్చారు.

"ఆల్లదెడితే మేం ఒప్పుకోం. మాదెడితే ఆల్లొప్పుకోరు. తోకోల్లది ఎట్టీండి. ఎండేరు! ఆల్లకి నీల్లే లేవు, పేరుతో ఏటి సేసుకుంటారు?"

సత్తిబాబు కూడా నవ్వాడు. "ఒకందుకు మంచిదేనండి. ఎండేరంటే రేపెవుడూ నీటి పన్ను పెంచడానికి రాడు."

అందరూ చేతులెత్తారు. నేను చిలకమ్మ వైపు చూశాను. ఆవిడ చుట్ట నోట్లోంచి తీసింది. నిప్పు ఆరిపోయి ఉంది. ఎంతసేపటిగా ఆరిందో తెలియదు. వెలిగించుకోకుండా, "మీ ఇట్టం బాబూ, పెద్దోలు" అంది.

నాకు సన్యాసి మావ మాట గుర్తొచ్చింది. ఏ నీటిని ఏ ఊరి పేరుతో పిలుస్తారో, ఆ నీటి మీద తొలి వంతు ఆ ఊరిది. మావ పోయి చాలాకాలమైంది. ఆ వాడుక తెలిసినవాళ్ళు ఆ టెంటు కింద నేను కాక ఇంకెవరైనా ఉన్నారా? ఆవిడ మొహంలోకి ఎంత చూసినా నాకు ఏమీ దొరకలేదు. నేను ఏమీ అనలేదు. నన్ను ఎవరూ అడగలేదు కూడా. లస్కరు పని నీరు వదలడం, పేరు పెట్టడం కాదు అని నాకు నేను చెప్పుకున్నాను.

ఊడుపుల ముందు

గొట్టాలు తీశారు. హద్దు రాళ్ళు పాతారు. వంతెన దగ్గర ఒకటి, పైఊరి దగ్గర ఒకటి, ఆకుపచ్చ బోర్డులు పెట్టారు, ఎండేరు అని. నేను రిటైరయ్యాను. మరుసటి ఏడు పైఊరి దగ్గర సిమెంటు కట్ట లేచింది, మూడు షట్టర్లతో.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. బోర్లలో కూడా నీరు దిగిపోయింది. నారుమళ్ళు పండుబారుతున్నాయి. కొండ మీద ఒక్క మంచి వాన పడి కట్ట నిండింది. పైఊరివాళ్ళు షట్టర్లు బిగించి, ముందు తమ మడులు తడుపుకోవడానికి సిద్ధమయ్యారు. నేను అప్పుడు చెల్లెలింట్లో ఉన్నాను. పొద్దున్నే కేకలు వినిపిస్తే కట్ట దగ్గరికి వెళ్ళాను.

చిలకమ్మ బోర్డు కింద కూర్చుని ఉంది. వెనక తోకఊరి మగవాళ్ళు కొందరు, గట్టిగా మాట్లాడకుండా నిలబడ్డారు. ఆవిడ చేతిలో కొత్త ఆనపబుర్ర, తెల్ల గుడ్డ పీలికతో.

"తొలి వంతు మాది, వదలండి" అంటోంది.

"ఎలాగమ్మా మీది?" అప్పలనాయుడు గారి గొంతు చెరుకు తోటలు దాటి వినబడుతోంది.

ఆవిడ బోర్డు వైపు చెయ్యి చూపింది. "ఏరు పేరేటి నాయుడుబాబూ?"

"ఎండేరు."

"ఎండేరెవులిది?"

"పేరు మీదైతే నీరు మీదైపోద్దా?"

"మీ తాత మా తాతతో అదే అన్నాడట. నీటి పేరెవులిదైతే తొలి వంతు ఆల్లది అని. ఆ వాడుకుందో లేదో నానెందుకు సెప్పడం? ఆ గట్టు మీద లస్కరమ్మ నిల్సుంది, అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. నేను మోసపోయినట్టు అనిపించింది. ఆవిడకి తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. వంతెన దగ్గర నేను నోరు మూసుకున్నానని కూడా చూసి పెట్టుకుంది. చెల్లెలి మొగుడు గుంపులోంచి నా వైపే చూస్తున్నాడు. అతని నారు కూడా పండుబారుతోంది.

"నూకాలమ్మా, సెప్పు. అలాగుందా?" అన్నారు అప్పలనాయుడు గారు.

లేదని చెప్పేస్తే అక్కడితో అయిపోయేది. సన్యాసి మావ లేడు, కాగితం లేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఇది చెప్పాలనే ఇంతదూరం రాశాను. మీరు ఎవరినీ నమ్మక్కర్లేదు, కానీ మిమ్మల్ని మూడు ఊళ్ళూ నమ్మాలి. అది ఒకసారి పోతే మళ్ళీ షట్టరు మీద చెయ్యి వెయ్యలేరు, రిటైరైనా సరే.

"ఉందండి" అన్నాను. "సన్యాసి మావ చెప్పేడు."

అప్పలనాయుడు గారు బోర్డు వైపు చూశారు. ఆ పేరు పెట్టించింది ఆయనే. తరవాత ఎవరివైపూ చూడకుండా, "ఎత్తండ్రా" అన్నారు. వెంటనే వేలు చూపించి, "మూడు రోజులు. నాలుగోనాడు మావి" అన్నారు.

"మీవే బాబూ" అంది చిలకమ్మ.

షట్టర్లు లేచాయి. ఆవిడ వంగి బుర్రని నీటిలో వదిలి, అది మలుపు తిరిగేదాకా కూడా ఆగకుండా రోడ్డు మీదకి నడిచి ఆటోని చెయ్యెత్తి ఆపింది. నేను వెనకే వెళ్ళాను.

"బుర్ర వెనక నీరుందిగా, ఇంకా నమ్మకం లేదా?" అన్నాను.

"ఏటి మీద నమ్మకమే. మద్దిలో మనుసులున్నారుగా" అని లోపలికి జరిగి నాకు చోటిచ్చింది.

బుర్ర మర్నాడు పొద్దెక్కాక తోకఊరి రేవుకి వచ్చింది. ముందు నురగ, తరవాత ఎర్ర నీళ్ళు, ఆ నీళ్ళ మీద తెల్ల పీలిక. పిల్లలు కేకలు వేశారు. చిలకమ్మ మోకాళ్ళ లోతుకి దిగి బుర్రని ఎత్తి పట్టుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసి, వాసన చూసింది. తరవాత నా చేతికిచ్చింది.

నేనూ వాసన చూశాను. పాచి, బురద, కుళ్ళిన జీడాకు.